సెగ వేరు, బూడిద వేరు: రేడియేషన్ ప్రమాదమును ప్రజలకు చెప్పు విధానముపై ఒక విమర్శ

అణు కేంద్రములో ప్రమాదము జరిగినదను వార్త వెలువడగానే రెండు విధములైన ప్రకటనలు ప్రజల చెవిని బడును. మొదటిది అధికారులది: "తక్షణ ప్రమాదమేమియు లేదు, ఎవరును భయపడవలసిన పని లేదు." రెండవది పత్రికలలోను, ఈనాడు చేతి ఫోనులలోను వ్యాపించునది: "విషగాలి వచ్చుచున్నది, వానలో తడువకుడు, తలుపులు వేసికొనుడు." మొదటిది ధైర్యము చెప్పును, రెండవది భయము చెప్పును. ఎంత, ఎచ్చట, ఎంతసేపు, ఎవరికి అను నాలుగు ప్రశ్నలకు మాత్రము రెండును జవాబు చెప్పవు. ఈ జవాబులు లేని ప్రకటన ఎంత గట్టిగా వినిపించినను ప్రజలకు తెలివి కలిగింపజాలదు.

అణుశక్తి మనకు కావలెనా వద్దా అను చర్చను ఈ వ్యాసములో ఎత్తుకొనుట లేదు. ప్రమాదమును గూర్చి ప్రజలకు బోధించు పద్ధతిని మాత్రము పరీక్షింతము. ఉదాహరణగా ఒక తెలుగు పట్టణమును, సూళ్లూరుపేటను, తీసికొందము.

సూళ్లూరుపేటకు ఏమి సంబంధము?

సూళ్లూరుపేట పులికాట్ సరస్సునకు పడమటగా, చెన్నైనుండి ఉత్తరమునకు పోవు పెద్ద రహదారి మీదను, రైలు మార్గము మీదను ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండినది. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. ఇచ్చటినుండి సరస్సు మీదుగా వేసిన రోడ్డు శ్రీహరికోటకు పోవును. 1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరినది.

శ్రీహరికోటలో అణువిద్యుత్ కేంద్రము లేదు. అచ్చటి అపాయము అగ్నికిని, రసాయన ఇంధనములకును సంబంధించినది. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనము అంటుకొని ఆరుగురు మరణించినది అట్టి ప్రమాదమే. దానిలో రేడియేషన్ ప్రసక్తి లేదు. ఈ భేదమును ఉపాధ్యాయులు మొదటనే విద్యార్థులకు చెప్పవలెను.

అణువిద్యుత్ కేంద్రము ఉన్నది దక్షిణమున, తమిళనాడులోని కల్పాక్కములో. అచ్చటి మద్రాసు అణువిద్యుత్ కేంద్రములో మొదటి రియాక్టరు 1984లోను, రెండవది 1986లోను వాణిజ్యపరముగా విద్యుత్తు నీయసాగినవి. పటము మీద తిన్నగా గీత గీచినచో సూళ్లూరుపేటకును కల్పాక్కమునకును సుమారు 130 కిలోమీటర్లుండును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు సముద్రపు నీరు అచ్చటి పంపుల గదిలో ప్రవేశించినది. పనిచేయుచున్న రియాక్టరును సురక్షితముగా ఆపివేసినారు. రేడియోధార్మిక పదార్థము బయటకు రాలేదు.

మన దేశపు నియమముల ప్రకారము అణువిద్యుత్ కేంద్రము చుట్టు 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళికా మండలముగా ఏర్పరచెదరు. తరలింపు ఏర్పాట్లు, అభ్యాసములు, ప్రజాబోధ ఈ మండలమును దృష్టిలో పెట్టుకొనియే సాగును. సూళ్లూరుపేట అంతకు ఎనిమిది రెట్ల దూరమున ఉన్నది. కనుక ఈ ఊరివారికి ఈ చదువుతో పని లేదని తోచవచ్చును. నా మొదటి ఆక్షేపణ దీని మీదనే.

దూరపు ఊరికి వచ్చు సమస్య వేరు. ప్రమాద సమయమున దగ్గరి ఊరివారు ఇల్లు వదలి పోవలసి రావచ్చును. వారు పోయి చేరునది దూరపు ఊరే. చెన్నై ప్రాంతమునుండి జనము ఉత్తరమునకు కదలినచో వారి దారి సూళ్లూరుపేట మీదుగానే. కాబట్టి ఈ పట్టణము వారు తెలిసికొనవలసినది ముఖ్యముగా రెండు సంగతులు: వచ్చినవారిని ఎట్లు ఆదరించుట? సంతకు వచ్చిన పాలను, చేపలను గూర్చిన ప్రకటనను ఎట్లు అర్థము చేసికొనుట? మన ప్రబోధ సాహిత్యములో ఈ రెండింటికిని చోటు చాల తక్కువ.

ఒకే మాటతో రెండు వస్తువులు

రెండవ ఆక్షేపణ మాటను గూర్చినది. మన వాడుకలో "రేడియేషన్" అను ఒక్క మాటయే రెండు వేరు వస్తువులకు చెల్లుచున్నది. ఒకటి కిరణము. రెండవది ఆ కిరణములను వెదజల్లు పదార్థము, అనగా ధూళి, ఆవిరి, పొడి. "రేడియేషన్ సోకినది" అని వార్తలో చదివినపుడు ఏది సోకినదో తెలియదు.

మన ఇంటి పొయ్యిని తలచుకొనుడు. పొయ్యి ప్రక్కన కూర్చున్నవానికి సెగ తగులును. లేచి దూరముగా పోయినచో సెగ ఆగిపోవును. అతడు ఆ సెగను మూటగట్టి ఇంటికి తీసికొనిపోడు. అతనిని ముట్టుకొన్నవారికి సెగ అంటదు. బూడిద అట్లు కాదు. అది బట్టలకంటును, గాలికి ఎగురును, అన్నములో పడును. ఎక్స్-రే తీయించుకొన్నవాడు సెగ తగిలినవాని వంటివాడు. రేడియోధార్మిక ధూళి మీద పడినవాడు బూడిద అంటినవాని వంటివాడు. ఈ పోలికకు ఒక హద్దు కలదు: పొయ్యి బూడిద చల్లారి ఊరకుండును, ఈ బూడిద తానే సెగ నిచ్చుచుండును, ఆ సెగ కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. అందుకే దానిని కొలుచుటకు పరికరము కావలెను.

రెండు నిజమైన సంఘటనలు ఈ భేదమును చక్కగా చూపును. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయము చాలకాలముగా వాడుకలో లేని ఒక గామా కిరణ యంత్రమును వేలములో అమ్మినది. మాయాపురి పాత ఇనుప సామానుల అంగళ్లలో దానిని విప్పినారు. లోపలి కోబాల్టు-60 నుండి వెలువడిన కిరణములు పనివారికి తగిలినవి. కొందరు ఆసుపత్రుల పాలైనారు, ఒకరు మరణించినారు. ఇది ప్రధానముగా సెగ ప్రమాదము.

1987లో బ్రెజిల్ దేశపు గోయానియా నగరములో, వదలివేసిన ఒక చికిత్సాలయమునుండి సీజియం-137 ఉన్న యంత్ర భాగమును ఎత్తుకొనిపోయి పగులగొట్టినారు. లోపలి పొడి చీకటిలో నీలిరంగున మెరయుచుండగా, వింతగా ఉన్నదని చుట్టములకు పంచిపెట్టినారు. నలుగురు మరణించినారు. భయపడి పరీక్షకు వచ్చిన 1,12,000 మందికి పైగా జనములో పొడి అంటినవారు 249 మంది మాత్రమే. ఇది బూడిద ప్రమాదము.

ఆ తరువాత జరిగినది కూడ గమనింపదగినది. ఆ నగరమునుండి వచ్చినవారికి ఇతర ఊళ్ల హోటళ్లలో గది ఇయ్యలేదు. ఆ ప్రాంతపు సరకు కొనలేదు. చనిపోయిన చిన్న పిల్లను పాతిపెట్టబోగా జనము రాళ్లు విసరినారు. లక్ష మందికి పైగా పరీక్షించి 249 మందిని వేరుచేసినను, లోకము అందరిని ఒకే గాట కట్టినది. జపానులో 2011 తరువాత ఫుకుషిమా నుండి తరలివచ్చిన కుటుంబముల పిల్లలు కొందరు క్రొత్త బడులలో వెక్కిరింపులకు గురియైనారు.

సెగకును బూడిదకును భేదము తెలిసిన ఊరు ఇట్లు ప్రవర్తింపదు. వచ్చినవారిని కొలుచు పరికరముతో పరీక్షించెదరు. ధూళి ఉన్నచో పై బట్టలు విప్పించి, సంచిలో కట్టి వేరుగా పెట్టి, సబ్బుతో స్నానము చేయించెదరు. పై బట్టలు తీసివేసినంతనే అంటిన ధూళిలో పదింట తొమ్మిది పాళ్ల వరకు పోవును. పిమ్మట వారికి అన్నము పెట్టి చాప వేయుటకు అడ్డేమియు లేదు. ధూళిని పీల్చిన, మ్రింగిన అనుమానమున్నవారిని చూచుట వైద్యుల పని. ఇరుగుపొరుగు వారు వెలివేయుటకు అది కారణము కాదు.

కొలత లేని అంకె

మూడవ ఆక్షేపణ అంకెలను గూర్చినది. "రేడియేషన్ సాధారణము కంటె వందరెట్లు" అను శీర్షికలు మనము చూచుచుందుము. వందరెట్లు నిమిషముపాటా, సంవత్సరముపాటా? కేంద్రము గుమ్మములోనా, ఊరి నడుమనా? చెప్పకున్న అంకె అంకె కాదు.

శరీరమునకు తగిలిన మోతాదును సీవర్టులలో కొలిచెదరు. అందులో వెయ్యవ వంతు మిల్లీసీవర్టు. పది లక్షలవ వంతు మైక్రోసీవర్టు. ప్రకృతిలోని నేల, గాలి, ఆకాశము, ఆహారముల నుండి మనిషికి ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు తగులుచునే ఉండును. అణు కేంద్రముల వలన సామాన్య ప్రజలకు అదనముగా ఏడాదికి 1 మిల్లీసీవర్టుకు మించరాదని నియమము. కొద్దికాలములో 1,000 మిల్లీసీవర్టుల ప్రాంతమున తగిలినచో వాంతులు మొదలగు జబ్బు చిహ్నములు కనబడును. చికిత్స లేనిచో 4,000 ప్రాంతమున సగము మంది మరణింపవచ్చును.

ఒక చోట గంటకు 1 మైక్రోసీవర్టు ఉన్నదనుకొందము. దారిన పోవుచు పది నిమిషములు నిలిచినవానికి అది లెక్కలోనిది కాదు. అచ్చటనే ఏడాది పొడవున ఆరుబయట కాపురముండినచో 8,760 గంటలకు 8.76 మిల్లీసీవర్టులగును. అంకె ఒకటే, కాలము మారగా అర్థము మారినది. తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగల గుణకారమును పెద్ద ప్రకటనలలో విడిచిపెట్టుట క్షమింపరానిది.

మంచి ప్రకటనకు ఉదాహరణ కూడ ఉన్నది. 2011 మార్చిలో టోక్యో నగరపు ఒక నీటి శుద్ధి కేంద్రములో కిలో నీటికి 210 బెకరెల్‌ల అయోడిన్-131 కనబడినది. బెకరెల్ అనగా క్షణమునకు ఒక అణువు విచ్ఛిన్నమగుట. పెద్దలకు హద్దు 300, పసిబిడ్డలకు 100. కావున పసిబిడ్డలకు ఆ నీరు త్రాపవద్దనియు, పెద్దలు త్రాగవచ్చుననియు నగరపాలకులు ప్రకటించినారు. మార్చి 24న అది 79కి తగ్గగా ఆంక్షను ఎత్తివేసినారు. ఎంత, ఎచ్చట, ఎవరికి, ఎంతకాలము అను నాలుగింటికిని ఇందులో జవాబున్నది.

పసిబిడ్డలకు వేరు హద్దు ఎందుకు? అయోడిన్ కంఠములోని థైరాయిడ్ గ్రంథిలో చేరును. బిడ్డ గ్రంథి చిన్నది, చురుకైనది. అందువలన అదే నీటి వలన పెద్దలకంటె పసిబిడ్డకు కలుగు మోతాదు సుమారు ఎనిమిది రెట్లు. లీటరు నీటికి బిడ్డకు దాదాపు 0.04 మిల్లీసీవర్టు. ఈ లెక్కను వివరించి చెప్పినచో తల్లి భయపడదు. బిడ్డకు వేరు నీరు తెచ్చుకొనును.

ఆలస్యమునకు వెల

నాలుగవ ఆక్షేపణ మౌనమును గూర్చినది. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటిన పిమ్మట చెర్నోబిల్ రియాక్టరు ప్రేలినది. ప్రక్కనున్న ప్రిప్యాత్ పట్టణమును ఖాళీ చేయించినది మరునాటి మధ్యాహ్నము, సుమారు 36 గంటల తరువాత. ప్రపంచమునకు తెలిసినది 28వ తేదీన, స్వీడన్‌లో పరికరములు ధూళిని పట్టుకొన్న తరువాత. ఈలోగా ఆవులు గడ్డి మేసినవి. పిల్లలు పాలు త్రాగినారు. అయోడిన్-131 గడ్డినుండి పాలలోనికి, పాలనుండి పిల్లల థైరాయిడ్‌లోనికి చేరినది. ఆ పిల్లలలో 2005 నాటికి ఆరువేలకు పైగా థైరాయిడ్ క్యాన్సరులు లెక్కకు వచ్చినవి. వానిలో పెద్ద భాగము ఆ పాల వలన కలిగినదని ఐక్యరాజ్య సమితి శాస్త్రజ్ఞుల సంఘము తేల్చినది.

అయోడిన్-131 అర్ధాయువు 8 దినములు. ఎనిమిది దినములకు సగము, పదునారు దినములకు పావు, ఎనుబది దినములకు వెయ్యింట ఒక వంతు కంటె తక్కువ మిగులును. అనగా కొన్ని వారములు తాజా పాలు మాని నిలువ పాలపొడి వాడుడని వెంటనే చెప్పియున్నచో, ఆ పిల్లలలో పెక్కుమందికి ఆ జబ్బు వచ్చియుండెడిది కాదు. అదే సమయమున పోలండ్ ప్రభుత్వము కోటికి పైగా పిల్లలకు అయోడిన్ మందు త్రాగించినది. పాల విషయమున ఆంక్షలు పెట్టినది.

ఫుకుషిమాలోను కొంత ఇట్లే జరిగినది. గాలివాలును బట్టి ధూళి ఎటు పోవునో అంచనా కట్టు యంత్రాంగము జపానులో ఉండినది. ఆ అంచనాలు సకాలమున ఊళ్లకు చేరలేదు. నమియె పట్టణవాసులు కొందరు ధూళి వచ్చు దిక్కుననే తలదాచుకొన్నారు. మరియు, "ఆరోగ్యముపై తక్షణ ప్రభావము లేదు" అని ప్రభుత్వ ప్రతినిధి పలుమార్లు చెప్పినారు. ఆ మాట అబద్ధము కాదు. కాని విన్న తల్లి అడుగునది తక్షణమును గూర్చి కాదు, పదేండ్ల తరువాతి సంగతి.

సూళ్లూరుపేటకు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటి కలదు. 2023 జూలై 14న శ్రీహరికోటనుండి పోయిన చంద్రయాన్-3 చోదక భాగములో ఒక్కొక్కటి ఒక వాట్ వేడినిచ్చు రెండు చిన్న రేడియో ఐసోటోపు హీటర్లు ఉండినవి. ఇది మన శాస్త్రజ్ఞులు గర్వింపదగిన పని. అయితే ప్రజలకు ఈ సంగతి తెలిసినది ప్రయోగమైన కొన్ని నెలలకు, పత్రికల ద్వారా. అమెరికా వారు 1997లో కాసిని నౌకను ప్లుటోనియముతో పంపునపుడు అపాయపు లెక్కలను ముందే ప్రచురించినారు. నిరసనలు జరిగినవి, వాదములు జరిగినవి, ప్రయోగమును జరిగినది. ముందు చెప్పినచో సూళ్లూరుపేట బడులలో అది చక్కని పాఠమై యుండెడిది. తరువాత తెలిసిన చిన్న సంగతి కూడ దాచిన సంగతివలె తోచును.

భయము చేయు కీడు

అధికారులను మాత్రమే ఆక్షేపించి ఊరకున్నచో విమర్శ సగమే అగును. భయమును పెంచువారి వలన కలుగు నష్టము తక్కువ కాదు. ఫుకుషిమాలో కిరణముల దెబ్బకు వెంటనే మరణించినవారు లేరు. ఒక పనివాని ఊపిరితిత్తుల క్యాన్సరు మరణమును 2018లో ప్రభుత్వము ఈ ఖాతాలో అంగీకరించినది. కాని తరలింపు శ్రమ, వైద్య వసతి లేమి, మనోవేదన మొదలగు కారణములచే ఫుకుషిమా రాష్ట్రములో రెండు వేలకు పైగా మరణములు నమోదైనవి. వీరిలో పెక్కుమంది వృద్ధులు. తరలింపు కూడ ఒక మందు వంటిది. మోతాదు తెలిసి వాడవలెను.

2011 మార్చిలో చైనాలో అయోడిన్ ఉప్పు రక్షించునను పుకారు పుట్టి జనము ఉప్పు కొట్లపై విరుచుకుపడినారు. లెక్క చూడుడు. పెద్దవారి అయోడైడ్ మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండును. మన అంగడి ఉప్పులో కిలోకు కనీసము 15 మిల్లీగ్రాములుండవలెనని నియమము. ఒక మాత్రకు సరిపడవలెనన్న ఆరున్నర కిలోలకు పైగా ఉప్పు తినవలెను. అయోడిన్ ఒంట బట్టకముందే ఆ ఉప్పు ప్రాణము తీయును. మాత్ర కూడ అయోడిన్-131 నుండి థైరాయిడ్‌ను మాత్రమే కాపాడును. సీజియం మీద పనిచేయదు. అధికారులు చెప్పినపుడే, చెప్పిన మోతాదులోనే వేసికొనవలెను.

ఇంతమాత్రమున కొద్ది మోతాదు నిరపాయమని చెప్పుట కూడ తగదు. 100 మిల్లీసీవర్టులకు లోపల క్యాన్సరు పెరుగుదలను జనాభా లెక్కలలో వేరుచేసి చూపుట కష్టము. అయినను మోతాదుతోపాటు అపాయము తగ్గుచు పోవునే గాని ఒక హద్దు క్రింద అది సున్న యగునని ఎంచరాదు అను సూత్రము మీదనే రక్షణ నియమములు నిలిచియున్నవి. "కొద్ది మోతాదు, కొద్ది అపాయము" అనుటయే నిజాయితీ గల మాట.

ఓడరేవు జెండాలు నేర్పు పాఠము

ముందుగా చెప్పినచో జనము బెదరుదురని కొందరందురు. మన సముద్రతీరము దీనికి జవాబు చెప్పుచున్నది. తుపాను వేళ ఓడరేవులలో ప్రమాద సూచికల నంబర్లు ఎగురవేయుదురు. కృష్ణపట్నములో ఎన్నవ నంబరు ఎగిరినదో విని, వల ఒడ్డున పెట్టవలెనా, ఇల్లు విడువవలెనా అని బెస్తవారు నిర్ణయించుకొందురు. ఆ నంబరు వారిని బెదరింపలేదు. వారికి కొలత నేర్పినది.

అణు ప్రమాదములకును అంతర్జాతీయముగా 7 మెట్ల కొలమానము కలదు. చెర్నోబిల్, ఫుకుషిమా రెండును 7వ మెట్టు. అయితే ఒక భేదము గమనింపుడు. ఒకే తుపానునకు కాకినాడలో ఒక నంబరు, కృష్ణపట్నములో మరియొక నంబరు ఉండవచ్చును. అది ఆయా ఊరి అపాయమును చెప్పును. అణు కొలమానము ప్రమాదము ఎంత పెద్దదో చెప్పును గాని మన ఊరికి ఎంత తగిలినదో చెప్పదు. 7వ మెట్టు అని విన్న సూళ్లూరుపేట వాసికి దానివలన తెలియునది స్వల్పము. ఊరూరి కొలతను తెలుగులో, గంట గంటకు చెప్పు ఏర్పాటు కావలెను. శ్రీహరికోట గంటల లెక్కింపును ఇంటి గడియారమువలె ఎరిగిన పట్టణమునకు అట్టి సమాచారము కొరుకుడు పడదనుట న్యాయము కాదు.

ఉపాధ్యాయులు చేయదగినది

దీనికి పెద్ద పరికరములు అవసరము లేదు. రెండు తరగతుల కాలము చాలును. మొదటి తరగతిలో సెగ, బూడిదల భేదము చెప్పి, ఒక విద్యార్థి చొక్కాపై సుద్దపొడి చల్లి, పై చొక్కా విప్పగా ఎంత పోయినదో చూపవచ్చును. రెండవ తరగతిలో సీవర్టుల గుణకారము, అర్ధాయువు లెక్క చేయింపవచ్చును. పిమ్మట ఏదైన వార్తను చదివించి ఈ ప్రశ్నలు అడిగింపవలెను: వారు చెప్పునది కిరణమా, ధూళియా? అంకెకు ప్రమాణమేది? గంటకా, ఏడాదికా? ఎచ్చట కొలిచినారు? పసిబిడ్డలకు వేరుగా ఏమి చెప్పినారు? మరల ఎప్పుడు చెప్పుదురు?

ఈ ప్రశ్నలు అడుగుట నేర్చిన విద్యార్థి ఇంట ఒకడున్నచో ఆ ఇల్లు పుకారునకు లొంగదు. ఉత్త ధైర్యవచనమునకును లొంగదు. ప్రమాదము జరిగిన నాడు ఈ పాఠము చెప్పుటకు వ్యవధి ఉండదు. కల్పాక్కమున అట్టి దినము రాకుండుగాక. ఒకవేళ వచ్చినచో, సూళ్లూరుపేట స్టేషనులో దిగిన బిడ్డను చూచి ఆ ఊరివారు తలుపు మూయుదురా, స్నానమునకు నీళ్లు తోడుదురా అనునది నేటి తరగతి గదిలో మనము చెప్పు పాఠము మీద ఆధారపడి యున్నది.